బోధన్‌లో ఆరెంజ్ వేసవి

జరిగి కూర్చోండి. నలుగురి బెంచీ మీద ఏడుగురం సర్దుకున్నాం, ఇంకొకరికి చోటుంటుంది. శక్కర్‌నగర్ చౌరస్తాకు దగ్గర్లో చాయ్ హోటల్ ఇది. గోడకు టీవీ, దాని కింద ఉస్మానియా బిస్కెట్ల సీసాలు, పక్కన పెద్ద గిన్నెలో మరుగుతున్న పాలు. 2024 మార్చి 27, బుధవారం రాత్రి. ఉప్పల్‌లో సన్‌రైజర్స్, ముంబై. టాస్ గెలిచిన హార్దిక్ పాండ్యా మనల్ని బ్యాటింగ్‌కు దింపాడు. వాళ్ళ బౌలర్లలో ఒకడు క్వేనా మఫాకా, దక్షిణాఫ్రికా కుర్రాడు, పదిహేడేళ్ళవాడు. ఐపీఎల్‌లో అతనికిదే మొదటి మ్యాచ్.

ట్రావిస్ హెడ్ వయసు చూసి కనికరించే మనిషి కాదు. పద్దెనిమిది బంతుల్లో యాభై. సన్‌రైజర్స్ చరిత్రలో ఇంత తొందరగా ఎవరూ కొట్టలేదని టీవీ చెబుతోంది. హోటల్లో ఈల పడింది. ఆ రికార్డు కొద్దిసేపు కూడా నిలవలేదు, అభిషేక్ శర్మ పదహారు బంతుల్లోనే యాభై దాటేశాడు. పది ఓవర్లకు 148. చాయ్ పోస్తున్న చిచ్చా కళ్ళు టీవీ మీదే ఉన్నాయి, కప్పు నిండి సాసర్లోకి పొర్లుతోంది.

"గిదేం కొట్టుడురా, ఆగుతలేరు!" అంటున్నాడు కాక. ఆయన చక్కెర ఫ్యాక్టరీలో చేసి వచ్చిన మనిషి. మాట తక్కువ. ఈ వేసవిలో ఆయన మాట పెంచింది ఈ మ్యాచే.

ఇన్నింగ్స్ అయిపోయాక తరావీ నమాజు ముగించుకుని కొందరు లోపలికొచ్చారు. రంజాన్ నెల కదా, మొదటి సగం వాళ్ళకు ఎప్పుడూ తప్పిపోతుంది.

"కిత్నే హువే?"

"రెండొందల డెబ్బై ఏడు."

"మజాక్ నక్కో కర్ మియా."

ఎవరూ జవాబివ్వలేదు, టీవీ చూపించారు. మూడు వికెట్లకు 277. క్లాసెన్ 34 బంతుల్లో 80 కొట్టి ఇంకా నాటౌట్. 2013లో బెంగళూరు చేసిన 263, పదకొండేళ్ళు నిలిచిన రికార్డు, పోయింది. మఫాకా నాలుగు ఓవర్లకు 66 ఇచ్చాడు. అతణ్ణి చూస్తే కడుపు తరుక్కుపోతుంది, నిజంగా. కానీ ఆ రాత్రి జాలిపడే తీరిక మాలో ఎవరికీ లేదు.

తీరికెక్కడిది? ముంబై కూడా అలాగే మొదలుపెట్టింది. మనల్ని భయపెట్టిందెవరంటే తిలక్ వర్మ, మన హైదరాబాద్ పిల్లవాడు. అతను సిక్సర్ కొట్టినప్పుడల్లా హోటల్లో ఒకరిద్దరి చేతులు చప్పట్లకు లేచి, మధ్యలో ఆగిపోతున్నాయి. చివరికి 246 దగ్గర ముంబై ఆగింది. 31 పరుగుల గెలుపు. రెండు జట్లూ కలిసి 523.

నిరుడు ఇదే బెంచీ మీద కూర్చున్నవాళ్ళకే ఈ రాత్రి పూర్తిగా అందుతుంది. 2023లో పద్నాలుగు మ్యాచులాడి నాలుగే గెలిచాం, పదింట్లో పదో స్థానం. 2021లోనూ అట్టడుగే. 2016లో కప్పు తెచ్చిన డేవిడ్ వార్నర్‌ను ఆ 2021 సీజన్ మధ్యలోనే కెప్టెన్సీ నుంచి తీసేశారు, తర్వాత జట్టులోనే లేకుండా చేశారు. తెలుగు పాటలకు స్టెప్పులేసిన వార్నర్ అన్న ఆడకుండా పక్కన కూర్చున్నట్టు కనబడితే ఇక్కడ అన్నం సయించని వాళ్ళున్నారు. ఆ తర్వాత కేన్ మామ, అదే విలియమ్సన్, కూడా వెళ్ళిపోయాడు. అంతకుముందు హైదరాబాద్ జట్టంటే డెక్కన్ చార్జర్స్. 2009లో గిల్‌క్రిస్ట్ జొహన్నెస్‌బర్గ్‌లో కప్పు ఎత్తిన జట్టు, మూడేళ్ళకే లేకుండా పోయింది. ఈ ఊళ్ళ అభిమానికి జట్టు పోవడం కూడా తెలుసు.

ఇంకో గాయం ఉంది. 2023 నవంబర్ 19న ఇదే టీవీలో ఆస్ట్రేలియాతో ప్రపంచకప్ ఫైనల్. హెడ్ 137 కొడుతుంటే, కమిన్స్ అహ్మదాబాద్ స్టేడియం నోరు మూయిస్తుంటే, చిచ్చా పాలు దించేసి స్టవ్ కట్టేశాడు. నెల తిరిగింది. డిసెంబర్ 19న దుబాయ్ వేలంలో కమిన్స్‌ను 20 కోట్ల 50 లక్షలకు, హెడ్‌ను 6 కోట్ల 80 లక్షలకు సన్‌రైజర్స్ కొన్నది. మనల్ని ఏడిపించిన ఇద్దరూ మనవాళ్ళయ్యారు. అదే వేలంలో మిచెల్ స్టార్క్‌ను కోల్‌కతా 24 కోట్ల 75 లక్షలకు ఎత్తుకుపోయింది. ఆ పేరు అప్పుడెవరూ లెక్కలోకి తీసుకోలేదు.

అడిలైడ్ మనిషి, ప్రిటోరియా మనిషి, మీరట్ మనిషి కలిసి హైదరాబాద్ జట్టు ఎట్లయితది అని పట్నంలో వాదించేవాళ్ళుంటారు. బోధన్‌లో ఆ వాదన నడవదు. 1931లో నిజాంసాగర్ కట్ట పూర్తయి మంజీర నీళ్ళు కాలువల్లో పారాకే ఈ నేల మీద చెరుకు నిలబడింది. నీళ్ళ వెంట కోస్తా రైతులొచ్చి క్యాంపులు వేసుకున్నారు. 1937లో పుట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఎక్కడెక్కడి మనుషులనో తెచ్చి శక్కర్‌నగర్ క్వార్టర్లలో దింపింది. మా వీధిలో నాలుగు భాషలు వినబడతాయి. వచ్చినవాడు పని చేస్తే మనవాడే. 2015 డిసెంబర్‌లో ఆ ఫ్యాక్టరీకి తాళం పడింది. కాక అప్పట్నుంచి ఆ గేటు ముందు నుంచి నడవడు, చుట్టూ తిరిగి వస్తాడు.

ఏప్రిల్ వచ్చింది. యాసంగి వరి కోతలు. బోధన్, వర్ని, కోటగిరి వైపు రోడ్లకు ఒక పక్కంతా వడ్లే. హార్వెస్టర్లు రాత్రిళ్ళు కూడా నడుస్తున్నాయి. కల్లం కాడ కావలి పడుకున్న రైతు చేతిలో ఫోన్, ఫోన్లో జియోసినిమా. ఫోన్లో బంతి టీవీ కన్నా వెనక వస్తుంది. అందుకే పొలంలో ఉన్నవాడికి ముందు ఊళ్ళోంచి కేక వినబడుతుంది, తర్వాత వికెట్ కనబడుతుంది. కేక ఏ దిక్కుదో, ఏ రకందో విని ఏమైందో చెప్పేవాళ్ళున్నారు ఇక్కడ.

ఏప్రిల్ 9, ఉగాది. పంచాంగ శ్రవణం విని వచ్చి, సాయంత్రం క్యాంపులో ఒక ఇంటి అరుగు మీద కూర్చున్నాం. మ్యాచ్ పంజాబ్‌తో, ముల్లన్‌పూర్‌లో. మనవాళ్ళు 39కే మూడు వికెట్లు పోగొట్టుకున్నారు. నిలబెట్టింది నితీశ్ కుమార్ రెడ్డి. విశాఖపట్నం పిల్లవాడు, ఇరవై ఏళ్ళు. 37 బంతుల్లో 64. అరుగు మీది పెద్దాయన, వాళ్ళ నాన్న కాలంలో కాలువ నీళ్ళ కోసం ఇటొచ్చిన కుటుంబం, లేచి నిలబడి "మనోడండీ, మనోడు!" అని పక్కింటికి వినబడేలా చెబుతున్నాడు. పక్కింటి హార్వెస్టర్ డ్రైవర్ తమ్ముడు "అందరోడు తాతా" అని సర్దాడు. చివరి ఓవర్‌కు పంజాబ్‌కు 29 కావాలి. అయిపోయిందనుకున్నాం. ఉనద్కత్ చేతిలోంచి వైడ్లు, చేతుల్లోంచి జారిన క్యాచ్‌లు, సిక్సర్లు. 26 ఇచ్చి రెండు పరుగులతో గట్టెక్కాం. ఉగాది రోజు షడ్రుచులూ ఆ ఒక్క ఓవర్లో తిన్నాం.

ఏప్రిల్ 15న బెంగళూరులో హెడ్ 39 బంతుల్లో సెంచరీ, జట్టు 287. మన రికార్డును మనమే కొట్టుకున్నాం. 20న ఢిల్లీలో మొదటి ఆరు ఓవర్లలోనే వికెట్ పోకుండా 125. ఆ వారం పిల్లలు గల్లీలో టెన్నిస్ బంతితో ఆడుతూ సింగిల్ తీసినవాణ్ణి తిట్టారు. మూడొందలు ఎప్పుడు కొడతారు అనేదే అందరి ప్రశ్న. ఆ వెంటనే 25న ఉప్పల్‌లో బెంగళూరు చేతిలో, 28న చెపాక్‌లో చెన్నై చేతిలో ఓడిపోయాం. చెన్నై దగ్గర 134కే అందరూ ఔట్. లక్ష్యం ముందు పెట్టుకుని పరుగెత్తాల్సి వస్తే మన జట్టు తడబడుతుందని కాక అప్పుడే అన్నాడు.

మే 2, గురువారం. రండి, ఇవాళ ఉప్పల్ పోదాం.

పొద్దున్నే బోధన్ నుంచి బస్సు. ఎడపల్లి, జానకంపేట, నిజామాబాద్. అక్కడ మారి డిచ్‌పల్లి, ఇందల్వాయి టోల్‌గేట్, కామారెడ్డి. లోక్‌సభ ఎన్నికల ప్రచారం జోరు మీదుంది, ప్రతి ఊళ్ళో మైకు కట్టిన ఆటోలు. కొనుగోలు కేంద్రాల దగ్గర గోనె సంచుల బారులు, తూకం కోసం నీడలో కూర్చున్న రైతులు. కిటికీలోంచి వచ్చే గాలి మొహం కాల్చేస్తోంది. ఆరెంజ్ టీషర్టు చెమటకు ఒంటికి అంటుకుపోయింది. తూప్రాన్ దాటాక మన బస్సులోనే ఇంకో మూడు ఆరెంజ్ టీషర్టులు కనబడ్డాయి, ఏ ఊరని అడిగే లోపే స్నేహమైపోయింది. జేబీఎస్‌లో దిగి పరేడ్ గ్రౌండ్ స్టేషన్లో మెట్రో ఎక్కితే తార్నాక, హబ్సిగూడ దాటి "స్టేడియం" అనే స్టేషన్లోనే దిగుతాం. ఆ పేరు మైకులో చెప్పగానే బోగీ అంతా అరుస్తుంది.

బ్యాగు రానివ్వరు, నీళ్ళ సీసా రానివ్వరు. గేట్లన్నీ దాటి, మెట్లెక్కి, పైకి వచ్చామా, కింద పచ్చగా మైదానం. టీవీలో ఎంత చూసినా ఆ పచ్చదనం ఇంత ఉంటుందని తెలియదు. బంతి బ్యాటుకు తగిలిన చప్పుడు మన దాకా రావడానికి ఒక క్షణం పడుతుంది. మొదట కొట్టింది కనబడుతుంది, తర్వాత వినబడుతుంది.

రాజస్థాన్‌తో మ్యాచ్. పవర్‌ప్లేలో 37 పరుగులే, రెండు వికెట్లు పోయాయి. ఇది మన జట్టేనా అని పక్కవాళ్ళు మొహాలు చూసుకుంటున్నారు. హెడ్ ఈ ఒక్కరోజు నిదానంగా ఆడి 58 చేశాడు. మళ్ళీ నితీశ్. చాహల్ బంతి గాల్లోకి లేచి నేరుగా మా స్టాండ్ వైపే వస్తోంది, వేలమంది చేతులు ఒక్కసారి లేచాయి. చాహల్ ఆ రోజు నాలుగు ఓవర్లకు 62 ఇచ్చాడు. నితీశ్ ఎనిమిది సిక్సర్లతో 76 నాటౌట్. స్కోరు 201.

భువనేశ్వర్ కుమార్ మొదటి ఓవర్. బట్లర్ సున్నా. మూడు బంతుల తర్వాత సంజూ శాంసన్ స్టంపులు ఎగిరాయి, అతనూ సున్నా. మా ముందు వరుసలో తండ్రి భుజమెక్కి కూర్చున్న చిన్నపాప చెవులు మూసుకుంది, అంత అరుపు. ఆ తర్వాత జైస్వాల్, పరాగ్ మమ్మల్ని కుర్చీల్లో కుదేసి కూర్చోబెట్టారు. ఇద్దరూ కలిసి 134 జోడించారు. జనంలో మాట ఆగిపోయింది. నటరాజన్, కమిన్స్ ఒక్కో వికెట్ తీసుకుంటూ వచ్చారు. చివరి ఓవర్‌కు 13 కావాలి. బంతి మళ్ళీ భువీ చేతికే.

ఒకటి. రెండు. ఫోర్. మళ్ళీ రెండు. మళ్ళీ రెండు. ఒక బంతి, రెండు పరుగులు. ఎవరూ కూర్చుని లేరు. కామారెడ్డి నుంచి వచ్చిన అన్న, పొద్దున బస్సులో పరిచయమైనవాడు, నా మణికట్టు పట్టుకున్నాడు, వదలడం మరిచిపోయాడు. భువీ పరుగెత్తుతున్నాడు. తక్కువ ఎత్తులో ఫుల్‌టాస్, పావెల్ ప్యాడ్లకు తగిలింది, అంపైర్ వేలు లేచింది. ఒక్క పరుగుతో గెలిచాం! ముక్కు మొహం తెలియనివాళ్ళ భుజాల మీద ఏడ్చినవాళ్ళను ఆ రాత్రి చూశాను. 2014 నుంచీ ఇదే జట్టుకు బంతి వేస్తున్న మనిషి, ముప్పై నాలుగేళ్ళవాడు, ఆ ఓవర్ వేశాడు. 277 కన్నా, 287 కన్నా నాకు ఆ సీజన్లో పెద్దది ఆ ఆరు బంతులే.

మ్యాచ్ రోజు మెట్రో పొద్దుపోయేదాకా నడుస్తుంది. జేబీఎస్‌లో అర్ధరాత్రి దాటాక నిజామాబాద్ బస్సు దొరికింది. కండక్టర్ టికెట్ కొట్టడానికి ముందు అడిగిందొకటే, "ఆఖరి బాల్ చూసిండ్రా? మీరు చూసిండ్రా?" చూశామని చెబితే మొదట్నుంచి చెప్పమన్నాడు. మేడ్చల్ దాటేదాకా చెప్పాం.

మే 8న లక్నో 165 చేసింది. మనవాళ్ళకు దానికి 58 బంతులు చాలాయి, ఒక్క వికెట్ కూడా పోలేదు. హెడ్ 89, అభిషేక్ 75. లక్ష్యం ముందుంటే తడబడతారన్న కాక ఆ రోజు రెండో చాయ్ తాగాడు, అదే ఆయన ఒప్పుకోలు. 13న ఓట్లు వేసి వేలికి సిరా గుర్తుతో హోటల్లో కూర్చున్నప్పుడు ఏ పార్టీవాడికైనా ఏకాభిప్రాయం కుదిరిన విషయం ఒకటే, ప్లేఆఫ్స్.

16న గుజరాత్‌తో ఉప్పల్‌లో మ్యాచ్, వాన. టాస్ కూడా పడలేదు. ఆ వానతో వచ్చిన ఒక్క పాయింటుతోనే ప్లేఆఫ్స్ ఖాయమైంది. ఫోన్లో ఆ వార్త చూసి చేతులెత్తిన తమ్ముడికి పక్కనున్న రైతు చెప్పాడు, "సంబురమే గానీ, ఆ మబ్బు ఇటు రాకుంటే బాగుండు. మావి ఇంక తూకం కాలే." ఇద్దరూ కలిసి బండి తీసి కల్లం మీద పట్టాలు కప్పడానికి పోయారు.

19 ఆదివారం మధ్యాహ్నం పంజాబ్ 214 చేస్తే, హెడ్ మొదటి బంతికే బౌల్డ్ అయినా, అభిషేక్ 28 బంతుల్లో 66 కొట్టి గెలిపించాడు. ఆ రాత్రి గువాహటిలో రాజస్థాన్ మ్యాచ్ వానకు కొట్టుకుపోయింది. పాయింట్లు సమానం, రన్‌రేట్‌తో మనం రెండోస్థానం. పదో స్థానం నుంచి రెండుకు, ఒక్క ఏడాదిలో.

తర్వాతి వారం తొందరగా చెబుతాను. 21న అహ్మదాబాద్‌లో కోల్‌కతా చేతిలో ఓడిపోయాం, స్టార్క్ రెండో బంతికే హెడ్ స్టంపులు ఎగరగొట్టాడు. 55 చేసి రనౌటైన రాహుల్ త్రిపాఠి పెవిలియన్ మెట్ల మీద తలవంచుకుని కూలబడ్డాడు. 24న చెపాక్‌లో షాబాజ్, అభిషేక్ స్పిన్‌తో రాజస్థాన్‌ను తిప్పేశారు, ఫైనల్‌కు వచ్చాం.

26, ఆదివారం. హోటల్ బయట కూడా కుర్చీలు వేశారు. ఎక్కడిదో ఒక ప్రొజెక్టర్ తెచ్చారు, గోడ మీద తెల్ల దుప్పటి కట్టారు. టాస్ గెలిచి కమిన్స్ బ్యాటింగ్ తీసుకున్నాడు. స్టార్క్ మొదటి ఓవర్, అయిదో బంతి. మిడిల్ మీద పడి బయటికి తిరిగింది, అభిషేక్ ఆఫ్‌స్టంప్ పైకొస నుంచి బెయిల్ లేచింది. అంత మంచి బంతి ఆ సీజన్ మొత్తంలో నేను చూడలేదు. రెండో ఓవర్లో హెడ్, మొదటి బంతికే కీపర్ చేతికి చిక్కాడు. దుప్పటి మీద అంకెలు కదలడం లేదు. ఒక్కొక్కరే వస్తున్నారు, పోతున్నారు. అందరిలోకీ ఎక్కువ కమిన్స్ చేసిన 24. 113కు అంతా అయిపోయింది. ఐపీఎల్ ఫైనల్లో ఇంత తక్కువ స్కోరు ఎవరూ చేయలేదు. కోల్‌కతాకు పది ఓవర్ల మూడు బంతులు సరిపోయాయి. మన జట్టు యజమాని కావ్య మారన్ కెమెరాకు వీపు తిప్పి కన్నీళ్ళు తుడుచుకుని, మళ్ళీ తిరిగి చప్పట్లు కొట్టింది.

"మెల్లగ ఆడాల్సింది. నాలుగు ఓవర్లు ఆపుకోవాల్సింది," అన్నాడు చిచ్చా. అందరూ అదే మాట. ఫైనల్ అంటే ఫైనల్ లెక్కనే ఆడాలని, ప్రతిరోజు పండుగ కాదని.

కాక ఒప్పుకోలేదు. "మెల్లగ ఆడితే మార్చిలనే మెల్లగ ఆడుతుండె. గప్పుడు నువ్వు హోటల్ పది గంటలకే బంద్ చేస్తుంటివి."

నేను కాక వైపే. కోచ్ వెటోరీ, కెప్టెన్ కమిన్స్ కలిసి ఒక పద్ధతి పెట్టుకున్నారు, మొదటి బంతి నుంచీ భయపడొద్దని. ఆ పద్ధతిలోనే 287 ఉంది, 113 కూడా ఉంది. ఒకటి ఉంచుకుని రెండోది వాపసు ఇవ్వడానికి కుదరదు. ఉప్పల్‌లో ఆ రోజు నా చెయ్యి పట్టుకున్న అన్నకు ఫోన్ చేస్తే, అతనూ ఏడుస్తూనే అదే అన్నాడు. దుప్పటి విప్పి మడత పెట్టేదాకా వాదన నడిచింది, చిచ్చా మాత్రం మారలేదు.

నవంబర్‌కు వానాకాలం వడ్లు వచ్చాయి, మెగా వేలం కూడా వచ్చింది. క్లాసెన్, కమిన్స్, అభిషేక్, హెడ్, నితీశ్, అయిదుగురిని ఉంచుకున్నారని ముందే తెలుసు. నటరాజన్ ఢిల్లీకి పోయాడు. 25న జెద్దాలో భువనేశ్వర్ పేరు పిలిచారు. ముంబై, లక్నో పోటీపడ్డాయి, చివరికి బెంగళూరు 10 కోట్ల 75 లక్షలకు తీసుకుంది. మన బల్ల మీద నుంచి ఒక్క చెయ్యి లేవలేదు. హోటల్లో ఎవరూ చాయ్ ముట్టుకోలేదు.

"ఇగ ఆర్సీబీ మ్యాచ్‌ల భువీ వికెట్ తీస్తే ఏం చేద్దాం కాకా?" అని అడిగాడు హార్వెస్టర్ తమ్ముడు.

"వికెట్ ఎవనిదిరా?"

"మన హెడ్‌దే అనుకో."

కాక చాలాసేపు ఆలోచించాడు. "చప్పట్లు కొడత," అన్నాడు. "కొట్టి, తర్వాత వచ్చేటోడు సిక్స్ కొట్టాలని మొక్కుకుంట."